పొట్లం బిగుతైన కొద్దీ గింజ ఎండాలి

అమ్మా, మీరు అడిగింది ఇది. రావులపాలెం దగ్గర మీ పెరట్లో కాసిన బీర, బెండ, పందిరి చిక్కుడు గింజల్ని మాఘమాసంలో తీశారు. రెండు రోజులు డాబా మీద ఎండబెట్టి, కడిగిన పాల ప్యాకెట్లలో పోసి రబ్బరు బ్యాండ్లు వేశారు. ఆషాఢంలో తీసి చూస్తే చిక్కుడు గింజలకి చిల్లులు పడ్డాయి, బెండకి బూజు పట్టింది, బీరలో పాతిక నాటితే ఆరే మొలిచాయి. డబ్బాలు కొనకుండా, ఇంట్లో పారేసే వస్తువులతోనే గింజ పాడవకుండా దాచే చిన్న పొట్లాలు ఎలా చేసుకోవాలో చెప్పమన్నారు.

పాల ప్యాకెట్ వాడటం మీ తప్పు కాదు. గింజ పూర్తిగా ఎండకముందే మూతి బిగించారు, నష్టం అక్కడ జరిగింది. పొట్లం గింజని ఎండబెట్టదు. లోపలికి వెళ్ళేటప్పుడు గింజ ఏ స్థితిలో ఉందో దాన్ని అలాగే ఉంచుతుంది, అంతే. నలభై ఏళ్ళుగా కోనసీమలో, గోదావరి పాయల మధ్య దీవిలా ఉండే ఒక లంక ఊళ్ళో పెరటి విత్తనాలు దాచుకుంటున్నాను. ఈ ఒక్క సంగతి అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. గింజకి కూడా ఊపిరి ఉంటుంది. తేమ ఎక్కువగా ఉంటే ఆ ఊపిరి వేగం పెరుగుతుంది, దానివల్ల ఇంకా నీరు, వేడి పుడతాయి. గాలి ఆడే కాగితంలో అయితే ఆ నీరు బయటికి పోతుంది. ప్లాస్టిక్ లో పోయే దారి లేదు, అక్కడే చెమ్మగా పట్టి బూజు మొదలవుతుంది.

విత్తన ధ్రువీకరణ ప్రమాణాలు చూస్తే ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ధాన్యం విత్తనాన్ని మామూలు సంచిలో పెడితే 13 శాతం తేమ దాకా ఒప్పుకుంటారు. గాలి, తేమ చొరబడని డబ్బాలో పెడితే 8 శాతం మించకూడదంటారు. బెండకి సంచిలో 10, బిగుతు డబ్బాలో 8. వంగ, టమాటా, మిరపకి 8, 6. చూశారా, డబ్బా ఎంత బిగుతుగా ఉంటే గింజ అంత ఎక్కువ ఎండాలి. మీరు బిగుతు డబ్బా ఎంచుకున్నారు, గింజని మాత్రం సంచికి సరిపడేంత కూడా ఎండనివ్వలేదు.

అయితే కాగితంలోనే పెట్టుకుంటే పోతుందిగా అంటారేమో. రాయలసీమలో అయితే చాలావరకు సరిపోతుంది. మనకి చుట్టూ కాలవలు, చెరువులు, నీళ్ళు నిలిచిన చేలు, పక్కనే సముద్రం. ముసురు పట్టిన రోజు అప్పడాల డబ్బా మూత తీసి ఉంచితే సాయంత్రానికి అప్పడం మెత్తబడి వంగుతుంది కదా, అదే గదిలో కాగితం పొట్లంలో ఉన్న గింజ కూడా అలాగే చెమ్మ పీల్చుకుంటుంది. ఎంత బాగా ఎండిన చిక్కుడు గింజైనా ఆషాఢ శ్రావణాల గాలి తగిలితే కొన్ని వారాల్లో 14 శాతం దాటిపోతుంది. అందుకే మన ప్రాంతంలో ఒక్క పొర చాలదు. లోపల కాగితం, బయట గాజు గానీ రేకు కాగితం గానీ, మధ్యలో చెమ్మ పీల్చే వస్తువు ఉండాలి.

ఎండబెట్టడం దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే సగం పని అక్కడే ఉంది. మనకి విత్తనం ఆరబెట్టుకోవడానికి మంచి కాలం సంక్రాంతి దాటాక ఉగాది లోపు. రథసప్తమికి పూజలో చిక్కుడు కాయలతో రథం కట్టుకునే వేళకి పాదు మీద ముదిరిన కాయలు గలగలలాడుతుంటాయి. అవి కోసుకోవడానికి అదే అదను. కానీ ఆ రోజుల్లో తెల్లవారుజామున మంచు బాగా పడుతుంది. గింజల చేట రాత్రి బయట వదిలేస్తే పగలంతా పోయిన చెమ్మ తెల్లారేసరికి తిరిగి చేరుతుంది. పొద్దున్న పదింటికి బయటపెట్టి, నాలుగు లోపే లోపలికి తెచ్చి గిన్నెలో పోసి మూత పెట్టాలి. ఇలా వారం, పది రోజులు చేయాలి. మీరు పెట్టిన రెండు రోజులు చాలవు.

డాబా గచ్చు మీద నేరుగా పోయకండి. మధ్యాహ్నం గచ్చు అరికాలు పెట్టలేనంత కాలుతుంది. పచ్చి గింజకి ఆ వేడి తగిలితే లోపల మొలక దెబ్బతింటుంది, పైకి ఏమీ కనిపించదు. స్టీలు పళ్ళెం కూడా వద్దు. చేటలో గానీ, పాత నూలు పంచె మీద గానీ పల్చగా పోసి, మొదటి మూడు రోజులు గాలి ఆడే నీడలో, తర్వాత లేత ఎండలో ఉంచండి.

ఎండిందో లేదో చేతితో, పంటితో తెలుసుకోవచ్చు. బీర, ఆనప (సొర), గుమ్మడి గింజని వంచితే వంగకుండా పుటుక్కున విరగాలి. చిక్కుడు గింజ మీద పన్ను నొక్కితే గుంట పడకూడదు. ఇంకో పద్ధతి ఉప్పుతో. మెత్తని ఉప్పుని మూకుడులో వేడిచేసి చల్లార్చి, పొడి గాజు సీసాలో పావు వంతు పోయండి. దాని మీద గుప్పెడు గింజలు వేసి మూత బిగించి కొన్ని నిమిషాలు బాగా కుదిపి, పావుగంట వదిలేయండి. ఉప్పు సీసా గోడకి అంటుకుందంటే గింజలో తేమ ఇంకా 15 శాతం దాటి ఉన్నట్టే. ఇది ముతక పరీక్ష. అంటుకోకపోతే బిగుతు డబ్బాకి సిద్ధమని మాత్రం అనుకోకండి, పరీక్ష తర్వాత కూడా ఇంకో మూడు నాలుగు రోజులు ఆరనివ్వండి.

ఇప్పుడు పొట్లం. మా ఇంట్లో రాసేసిన నోటు పుస్తకాల కాగితమే వాడతాం. శుభలేఖల కవర్లు కూడా బాగుంటాయి, మందమైన కాగితం కాబట్టి పెద్ద గింజలకి తిరుగులేదు, కాకపోతే మైనం పూత ఉన్న మెరుపు కవర్లు తీసేయండి. జిగురుతో అంటించే కవర్లు మొదట్లో నేనూ చేశాను. మైదా ఉడకబెట్టి జిగురు చేసి ముచ్చటగా యాభై కవర్లు అంటించాను. వానాకాలం మధ్యలో చూస్తే ఆ జిగురు కోసం బొద్దింకలు, చిన్న పురుగులు చేరి అంచులన్నీ కొరికేశాయి, జిగురు ఉన్నచోటే బూజు కూడా లేచింది. అప్పటినుంచి జిగురు మానేసి మడతలే నేర్చుకున్నాను.

జానెడు చదరం కాగితం తీసుకోండి. మూల మీద మూల వచ్చేలా మడిస్తే త్రికోణం అవుతుంది. పొడుగు అంచు మీ వైపు, కొస పైకి ఉండాలి. కింద ఎడమ చేతి మూలని ఎదురుగా ఉన్న కుడి అంచు మధ్యకి తెచ్చి నొక్కండి. కుడి మూలని అలాగే ఎడమ అంచు దాకా తెచ్చి దాని మీద వేయండి. ఇప్పుడు పైన రెండు రెక్కలు మిగులుతాయి. ముందున్న రెక్కని మీరు మడిచిన ఆ మూలల మీదుగా కిందికి తెచ్చి లోపలికి దోపేస్తే మూతి తెరుచుకున్న చిన్న జేబు తయారవుతుంది. గింజలు పోసి, రెండో రెక్కని వెనక్కి వంచకుండా ముందుకే మడిచి అదే సందులో దోపండి. జిగురు లేదు, పిన్ను లేదు. పిల్లలకి ఒకసారి చూపిస్తే చాలు, గంటలో ముప్పై చేసిపెడతారు.

తోటకూర, టమాటా, వంగ గింజలకి ఈ జేబు లోపల ఇంకో చిన్న పొట్లం కావాలి. గుళ్ళో పూజారి గారు కుంకుమ కట్టిచ్చే పొట్లం ఉంది చూడండి, అదే మడత. తోటకూర గింజ ఆవగింజ కంటే సన్నం, ఏ చిన్న సందులోంచైనా జారిపోతుంది. కుంకుమని జారనివ్వని మడత దాన్నీ జారనివ్వదు.

పొట్లం మీద పేరు పెన్సిలుతో రాయండి. పెన్ను సిరా చెమ్మకి పాకి చెరిగిపోతుంది, పెన్సిలు గీత ఏళ్ళు ఉంటుంది. రకం, ఎవరి పెరటిది, ఏ నెలలో తీసింది. మా పెరట్లో రెండు రకాల ఆనప ఉండేది, ఒకటి గుండ్రంది, ఒకటి పొడవుది. పేర్లు రాయని ఏడాది రెండూ కలిసిపోయి, గుండ్రని రకాన్ని మళ్ళీ విడదీయలేకపోయాను. ఆ విత్తనం మా అమ్మ ఇచ్చింది. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఈ కాగితం పొట్లాలు వెళ్ళాల్సిన బయటి ఇంటికి మీ వంటింట్లోనే మంచి వస్తువులున్నాయి. హార్లిక్స్, పచ్చడి, తేనె వచ్చే గాజు సీసాలకి మించినవి లేవు. మూత లోపల రబ్బరు పొర చినగకుండా ఉండాలి. పచ్చడి సీసా అయితే ఆవ ఘాటు పోయేదాకా కడిగి రెండు రోజులు ఎండలో ఆరబెట్టండి, నీటి తడి ఒక్క చుక్క ఉన్నా పడ్డ శ్రమంతా వృథా.

మరొకటి చాలామందికి తట్టదు. షుగర్ చూసుకునే మిషన్ లో పెట్టే స్ట్రిప్పుల చిన్న డబ్బా. ఆ స్ట్రిప్పులకి చెమ్మ తగలకూడదు కాబట్టి మూత చాలా బిగుతుగా ఉంటుంది, చెమ్మ పీల్చే పదార్థం కూడా డబ్బాలోనే పెట్టి చేస్తారు. మన ఊళ్ళలో ఇప్పుడు రెండిళ్ళకొక షుగర్ పేషెంటు ఉన్నారు, ఖాళీ డబ్బాలు ఎవరినడిగినా ఇస్తారు. వంగ, మిరప, టమాటా గింజలకి అది కొలిచినట్టు సరిపోతుంది. వాడేసిన డబ్బాలో పీల్చే శక్తి చాలావరకు అయిపోయి ఉంటుంది, దాన్ని వేడిచేసి తిరిగి తెప్పించాలని చూడకండి, ప్లాస్టిక్ కరుగుతుంది. డబ్బా బిగుతు కోసం వాడుకోండి. నీళ్ళలో వేస్తే బుసబుసా కరిగే బిళ్ళలు వచ్చే గొట్టాలు కూడా ఇలాంటివే.

రేకు కవర్లు మూడోది. కాఫీ పొడి, పాలపొడి, ఓఆర్ఎస్ ప్యాకెట్లలో లోపల వెండిలా మెరిసే పొర ఉంటుంది. అది తేమని పాల ప్యాకెట్ కంటే ఎంతో బాగా ఆపుతుంది. కడిగి, తిరగేసి ఆరబెట్టి, దీపానికి ఎదురుగా పెట్టి లోపలికి చూడండి. సూది మొనంత వెలుగు కనిపించినా అక్కడ చిల్లు ఉన్నట్టు, పక్కన పెట్టేయండి. మూతి అతికించడానికి కవరు అంచుని పాత హాక్సా బ్లేడు మీదుగా రెండు మిల్లీమీటర్లు మాత్రం బయటికి ఉంచి, కొవ్వొత్తి మంట పక్కగా త్వరగా లాగితే అతుక్కుంటుంది. నీళ్ళ గిన్నెలో ముంచి నొక్కితే బుడగలు రాకూడదు. ముందు ఖాళీ కవర్ల మీద చెయ్యి కుదిరాకే గింజలు పోయండి. చిప్స్ ప్యాకెట్లు కూడా పనికొస్తాయి గానీ నూనె జిడ్డు పూర్తిగా పోవాలి, లేదంటే చీమలు పడతాయి. మీ పాల ప్యాకెట్లు పారేయక్కర్లేదు, బాగా ఎండిన గింజని వైశాఖంలో పెట్టి తొలకరికి తీసేసేదైతే అవి చాలు.

మధ్యలో పెట్టే చెమ్మ పీల్చే వస్తువు గురించి. కొత్త చెప్పులు, బ్యాగుల్లో వచ్చే చిన్న సిలికా జెల్ సంచులు పారేయకుండా దాచుకోండి, చిన్నపిల్లలకి అందకుండా. అవి ఇంటికొచ్చేసరికే గాలిలో చెమ్మ తాగి ఉంటాయి. సంచి కత్తిరించి పూసల్ని మూకుడులో పోసి సన్నని సెగ మీద పది పదిహేను నిమిషాలు ఉంచి, వేడి తగ్గకముందే పొడి సీసాలో పోసి మూత పెట్టండి. చల్లారాక గుడ్డ మూటలో కట్టి గింజల సీసాలో వేయండి. రంగు పూసలైతే చెమ్మ తాగాక నీలం గులాబీ అవుతుంది, లేదా నారింజ ఆకుపచ్చకి తిరుగుతుంది. అప్పుడు మళ్ళీ వేడిచేయాలి. నీలం వాటిలో కోబాల్ట్ అనే హానికరమైన పదార్థం ఉంటుంది, వంట మూకుడు వాడకండి.

అవి దొరక్కపోతే బియ్యం. ముతక బియ్యం దోరగా వేగేదాకా వేయించి, వేడి మీదే సీసాలో మూతపెట్టి చల్లార్చి, గుడ్డలో కట్టి వేయండి. గింజలెన్నో బియ్యం అన్ని ఉండాలి, తక్కువైతే పని జరగదు. కొబ్బరి చిప్పల బొగ్గు కూడా ఇలాగే వాడొచ్చు. కోనసీమలో చిప్పలకి కొదవా! బొగ్గుని ఎండలో బాగా కాగనిచ్చి, మెత్తటి మసి రాకుండా గుడ్డలో కట్టండి. నేను ఎక్కువగా బియ్యమే వాడతాను, రెండు నెలలకోసారి మార్చడం తేలిక.

చిక్కుడు చిల్లుల సంగతి వేరు. ఆ పెంకు పురుగు మీ పొట్లంలోకి బయటినుంచి రాలేదు. కాయ ఇంకా పాదు మీద ఉండగానే తల్లి పురుగు గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు గింజ లోపలికి తొలుచుకుపోతుంది, తర్వాత పెద్దదై చిల్లు చేసుకుని బయటికొస్తుంది. ఆ బయటికొచ్చినవి మిగిలిన మంచి గింజల మీద మళ్ళీ గుడ్లు పెడతాయి. అందుకే మాఘంలో నున్నగా కనిపించిన గింజ ఆషాఢానికి జల్లెడవుతుంది. దీనికి నేను చేసేది: గింజలు బాగా ఎండాక గట్టి మూత సీసాలో పోసి డీప్ ఫ్రీజర్ లో నాలుగైదు రోజులు ఉంచుతాను. సరిగా ఎండని గింజ గడ్డకట్టి చచ్చిపోతుంది, ఆ జాగ్రత్త ముఖ్యం. బయటికి తీశాక సీసా పూర్తిగా గది వేడికి వచ్చేదాకా, అంటే ఒక పూట, మూత తీయకూడదు. తొందరపడి తీస్తే గాలిలో తేమ అంతా చల్లని గింజ మీద నీటి బొట్లుగా పడుతుంది. ఫ్రీజర్ లేనివాళ్ళు జల్లించిన పొడి బూడిదని గింజల మధ్య సందులన్నీ నిండేలా కలపండి. ఆ బూడిదలో పురుగు కదలలేదు, ఇంకో గింజ దాకా వెళ్ళలేదు.

మా అత్తగారి కాలంలో బీరకి పొట్లమే లేదు. ముదిరిన బీరకాయని తొడిమతో సహా పొయ్యి పైన వాసానికి వేలాడదీసేవారు. పీచు లోపల గింజలు గదులు గదులుగా భద్రంగా ఉండేవి, అడుగున ఉన్న చిన్న మూత ఊడదీసి దులిపితే తొలకరికి రాలేవి. కాయే డబ్బా. రోజూ తగిలే పొగ, సెగ దాన్ని పొడిగా ఉంచేవి, పురుగుని దరి చేరనిచ్చేవి కావు. గుమ్మడి, దోస గింజల్ని పేడలో కలిపి పిడకలా గోడకి కొట్టేవారు. ఇవన్నీ మంచి పద్ధతులే, కానీ ఇప్పుడు మన వంటింట్లో గ్యాసు పొయ్యి. పొగ లేని వంటింట్లో బీరకాయ వేలాడదీస్తే ముసురుకి బూజు పడుతుంది. పద్ధతిలో సగం తీసేసి మిగతా సగం ఉంచుకుంటే అది పనిచేయదు.

అన్ని విత్తనాలూ ఇలా దాచుకోవచ్చని కూడా అనుకోవద్దు. మామిడి టెంక, పనస గింజ, నేరేడు, కరివేపాకు గింజ, కోకో గింజ, ఇవి ఎండితే చచ్చిపోతాయి. పండు తిన్న వారంలోపే మట్టిలో పెట్టుకోవాలి. హైబ్రిడ్ మొక్క నుంచి తీసిన గింజని దాచినా తల్లి లాంటి కాపు రాదు. నాటు రకాలకే ఈ శ్రమ పెట్టండి. ఉల్లి విత్తనం ఎంత జాగ్రత్త చేసినా ఏడాది దాటాక బాగా దెబ్బతింటుంది. వంగ, టమాటా, గుమ్మడి మూడు నాలుగేళ్ళు బాగానే ఉంటాయి.

ఎక్కడ పెట్టాలి అనేది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. విత్తన శాస్త్రంలో హారింగ్టన్ అనే ఆయన పేరుతో ఒక లెక్క చెబుతారు. గింజలో తేమ ఒక శాతం తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపు, వేడి 5 డిగ్రీల సెల్సియస్ తగ్గితే మళ్ళీ దాదాపు రెట్టింపు. అటక మీద, రేకుల కింద, ఫ్రిజ్ నెత్తిన పెట్టే అలవాటు మానండి, అవి ఇంట్లో వేడిగా ఉండే చోట్లు. మధ్య గదిలో వెలుతురు తగలని అలమార మంచిది. ఫ్రిజ్ లోపల, తలుపు వైపు కాకుండా, సీసా పెట్టుకుంటే ఇంకా మంచిది. లోపల చెమ్మ ఉంటుంది గనుక మూత బిగుతుగా ఉండాలి.

లంక ఊళ్ళవాళ్ళకి మాత్రం ఒక్క మినహాయింపు. 1986 ఆగస్టులో గోదావరికి ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చినప్పుడు నేను కాపురానికొచ్చి ఏడాది. ఇంట్లో నడుం దాకా నీళ్ళు. కుండల్లో, బుట్టల్లో ఉన్న విత్తనమంతా పోయింది. అత్తగారు మూతి చుట్టూ మైనం కరిగించి పోసి వాసాల్లో దోపిన ఒక్క గాజు సీసా మిగిలింది, అందులో వంగ, మిరప గింజలు. ఆ కార్తీకంలో మా వీధిలో పది ఇళ్ళకి నారు ఆ సీసాలోంచే పోశాం. అందుకే నేను ప్రతి రకాన్నీ రెండు పొట్లాలు కడతాను. ఒకటి మా ఇంట్లో, ఒకటి మండపేటలో మా చెల్లెలి ఇంట్లో. వరద నెలల్లో మా సీసాలు పైకెక్కుతాయి, కాస్త వేడి తగిలినా సరే.

మొలకల కోసం న్యూస్ పేపరు కప్పులు చేయొచ్చా అని కూడా చివర్లో అడిగారు. చేయొచ్చు. బీర, కాకర వేరు కదిపితే అలుగుతుంది కాబట్టి కప్పుతో సహా నాటడం మంచిదే. రెండు పొరలు గ్లాసు చుట్టూ చుట్టి అడుగు మడిస్తే చాలు, మూడు వారాలు ఆగుతుంది. కన్నున్న సగం కొబ్బరి చిప్ప ఇంకా గట్టిది. కన్ను పొడిస్తే నీరు దిగిపోతుంది. నాటేటప్పుడు మాత్రం మొక్కని మట్టి బెడ్డతో సహా చిప్పలోంచి తీయాలి.

ఇక ఇప్పుడు మీ దగ్గర మిగిలిన గింజల మాట. చిల్లుపడ్డ చిక్కుడు గింజలు తీసేయండి, నున్నగా ఉన్నవి విడిగా పెట్టండి. ప్రతి రకంలో పది గింజలు తడి గుడ్డలో చుట్టి గిన్నెలో మూతపెట్టి ఉంచండి, గుడ్డ ఆరనివ్వకండి. బెండ, చిక్కుడు నాలుగైదు రోజుల్లో, బీర వారంలో తేలిపోతాయి. పదికి ఏడు పైన మొలిస్తే మామూలుగా వేసుకోండి. నాలుగైదు మొలిస్తే పాదుకి రెండు గింజల బదులు నాలుగేసి వేయండి. బెండ బూజు గింజల్ని మాత్రం మట్టిలో వేయకండి. చిక్కుడుకి ఇంకా అదను దాటలేదు, శ్రావణంలో వేసినా సంక్రాంతికి కాయ తింటారు. ఆ పాదులో మొదట కాసిన కాయల్లో బాగున్నవి నాలుగైదు ఎంచి, దారం కట్టి విత్తనానికి వదిలేయమని ఇంట్లో అందరికీ ఇప్పుడే చెప్పి ఉంచండి.